వద్దన్న ఊపిరితిత్తులు

కోకాపేటలో మా ఫ్లాట్ బాల్కనీలో రోజూ పావురాలకు జొన్నలు వేసేవాణ్ణి. పుణ్యం కోసం కాదు. ఆఫీసుకు బయల్దేరేముందు అవి రెక్కలు కొట్టుకుంటూ వాలుతుంటే హాయిగా ఉండేది. మా ఆవిడకు పొడిదగ్గు పట్టుకుంది. పావురాల రెట్టల ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, గింజలు వేయడం వెంటనే ఆపాలని డాక్టర్ చెప్పారు. ఆపేశానని అబద్ధమాడాను. బాల్కనీలో మాని టెర్రస్ మీద వేసేవాణ్ణి. ఆ బట్టలతోనే వచ్చి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. ఆక్సిజన్ గొట్టం లేకుండా ఆమె వంటింటి దాకా కూడా నడవలేని స్థితికి వచ్చాక గానీ గింజల సంచి పారేయలేదు. అప్పటికి ఊపిరితిత్తులు మార్చడం తప్ప దారి లేదన్నారు.

చేసింది ఆమెకు చెప్పుకున్నాను.

"ఇప్పుడు చెప్తే... నాకేం... ఒరుగుతది?" అంది, మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ.

దాత కోసం ఆసుపత్రిలో ఆమె పేరు నమోదు చేయించాం. మొదటి పిలుపు ఒక ఉదయం వచ్చింది. నగరంలోనే మరో ఆసుపత్రిలో, బ్రెయిన్ డెడ్ అయిన మనిషి అవయవాలు ఇవ్వడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. మాదాపూర్ ట్రాఫిక్‌లో పాకుతూ మా ఆసుపత్రికి చేరాం. ఒక సర్జన్ దాత దగ్గరికి వెళ్లి, ఛాతీ తెరిచి, ఊపిరితిత్తులను చేత్తో తడిమి చూసి ఫోన్ చేస్తారు. ఆయన సరేనన్నాకే ఇక్కడ కోత పెడతారు. ఆమెను థియేటర్‌లోకి తీసుకెళ్లారు. కాసేపటికి మళ్లీ బయటికి తెచ్చేశారు. ఆయన వద్దన్నారట.

సర్జన్ తిరిగి రాగానే కారిడార్‌లో అడ్డం నిలబడ్డాను.

"స్కాన్ బాగుందని మీరే పిలిచారు కదా సార్! ఎలా ఉన్నా పెట్టేయండి. ఆమెకు టైమ్ లేదు."

"స్కాన్‌లో బాగానే ఉన్నాయండి. గాలి నింపితే కింది భాగం విచ్చుకోలేదు, చేతికి గట్టిగా తగిలింది. అవే పెట్టేయమంటారా?"

"మీ చెయ్యి పొరబడి ఉండొచ్చు కదా!"

వీల్‌చైర్‌లోంచి మా ఆవిడ నా చొక్కా లాగింది.

"ఆయన... నిజం చెప్పిండు. నీకు... అలవాటు లేదు గద."

సర్జన్ నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకున్నారు. నేను వీల్‌చైర్ తిప్పి లిఫ్టు వైపు తోసుకెళ్లాను.

రెండో పిలుపు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఈసారి సర్జన్ ఫోన్ చేశారా అని ఎవరినీ అడగలేదు. థియేటర్ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆమె బయటికి రాలేదు. ఊపిరితిత్తులున్న ఐస్ పెట్టె లిఫ్టులోంచి వచ్చి నా ముందు నుంచే లోపలికి వెళ్లింది. లేచి నిలబడ్డాను. ఈ వేళ ఏ ఇంట్లోనో ఏడుస్తుంటారని తోచి, పెట్టెకు చేతులు జోడించాను.

ఆపరేషన్ అయ్యాక ఆ సర్జనే వచ్చి పక్కన కూలబడ్డారు.

"దాత ఊపిరితిత్తులను, రక్తం వాటి లోపలికి వెళ్లే నాళంలోంచి చల్లటి ద్రావణం పంపి కడుగుతామండి. తర్వాత బయటికి వచ్చే దారుల్లోంచి, అంటే వెనక నుంచి, ఇంకోసారి కడుగుతాం. ఇవాళ అలా కడిగినప్పుడు చిన్న చిన్న రక్తపు గడ్డలు బయటపడ్డాయి."

"అవి లోపలే ఉండిపోతే?"

"కొత్త ఊపిరితిత్తులు ఆదిలోనే మొరాయించేవేమో. ఇప్పుడైతే చక్కగా పనిచేస్తున్నాయి."

ఆయన చేతుల వైపు చూశాను.

"ఆ రోజు మీ చేతిని అలా అన్నందుకు..." అని మొదలుపెట్టాను.

"ఎవరో ఒకరు అంటూనే ఉంటారండి. టీ తాగుదామా?"

ఆమెను వార్డుకు మార్చాక, మాస్కు కట్టుకుని చూడ్డానికి వెళ్లాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఏందయ్యా గా గడ్డం, గా అవతారం? నేను పడుకుంటే నువ్వు పేషెంటయినవా? ఇగ ఇంటికి పోయి జర స్నానం చేసి, తిని, మంచిగ మనిషి లెక్క తయారై రా!"

మధ్యలో ఒక్కచోట కూడా ఆగలేదు. నాకు ఆ గొంతు తప్ప మాటలు సరిగ్గా చెవికెక్కలేదు.

"ఏమన్నావు? మళ్లీ చెప్పు" అన్నాను.

"చెవుడు గూడ వచ్చిందా?" అని, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.