ఇంటి పెద్ద ఎవరు?

జనాభా లెక్కలు జరిగిన ఏడు, ఎండలు ముదిరే రోజుల్లో, జగిత్యాల పోయే బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లో బీడీలు చుట్టే చాట ఉంది, వేళ్లకు తునికాకు మరకలున్నాయి. తాసీలు కచ్చేరీకి ఎక్కడ దిగాలని అడిగింది. ఏం పని అన్నాను.

"లెక్కలాయన మా ఇంటికొచ్చి, ఇంటి పెద్దెవలన్నడు. మా ఆయన పోయిన కాడికెల్లి నేనే అన్న. నవ్విండు. లోపల పండుకున్న మా మరిది పేరు రాసుకపోయిండు. గా పేరు దిద్దిచ్చెటందుకు పోతున్న."

"ఎవలి పేరుంటేంది అక్కా? మంది లెక్కయితే మారది గద."

ఆవిడ నావైపు పూర్తిగా తిరిగింది.

"మారది చెల్లె. గని గా కాయితంల నేను వాని మీద బతుకుతున్నట్టుంటది. బీడీలు చేసి వానికి బువ్వ పెట్టేది నేను. రేపు సర్కారోళ్లు అది సూసి, మా దిక్కు ఆడోళ్లు కూసోని తింటున్నరనుకోరా?"

"కచ్చేరోళ్లు వినకపోతే?"

"వినేదాంక ఆడ్నే కూసోని బీడీలు చేస్త," అంటూ ఒళ్లోని చాటను తట్టింది.

వాళ్లు విన్నారో లేదో నాకు తెలియదు.

చాలా ఏళ్లకు లెక్కలవాళ్లు మా తలుపు కొట్టారు. వచ్చినతను నా భుజం మీదుగా, లోపల పేపరు చదువుతున్న మా తమ్ముడిని చూస్తూ, "ఇంటి పెద్దతో మాట్లాడాలె," అన్నాడు.

"మాట్లాడు," అన్నాను, గడపలోంచి కదలకుండా.