బంగారి సాయంత్రం పాలు

దెయ్యాలనూ చేతబడులనూ నేను ఏనాడూ నమ్మలేదు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా వరస ఇళ్ల ఆడవాళ్లు బీడీలు చుడుతూ అలాంటి కథలు చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ కథల్లో నాదీ ఒకటి చేరింది. అందులో చేతబడి చేసిన మనిషిని నేనే. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మా అత్తగారిల్లు ఇదే ఊళ్లో, జోడ్‌భావి పేట్‌లో. మగ్గాలకు పని లేకుండా పోయాక మా ఆయన వాటిని పాత ఇనుము కింద అమ్మేసి, ఆ షెడ్డులోనే బర్రెలను కట్టేశాడు. పేడ తీయడం, జొన్న సొప్ప నరికి వేయడం, రెండు పూటలా పాలు పితకడం నా పని. ఇళ్లకు తిరిగి పాలు పోయడం ఆయన పని. ఆ బర్రెల్లో బంగారి మా షెడ్డులోనే పుట్టింది. ఈనగానే తల్లి చచ్చిపోతే నేనే సీసాతో పాలు పట్టి పెంచాను. మాకు పిల్లలు లేరు.

మా ఆయన గుండెపోటుతో పోయాడు. దినాలు అయ్యీ కాకముందే నా తోటికోడలు నా చేతిలోంచి పాల బకెట్ తీసుకుంది. ఇల్లు, షెడ్డు అత్తమ్మ పేరు మీద ఉన్నాయి. ఒంటిదానివి, నీకెందుకింత చాకిరీ అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నారంటే, సామాన్లు సర్దుకునేదాకా నన్ను వెళ్లగొడుతున్నారని నాకే అర్థం కాలేదు.

విడీ ఘర్కుల్‌లో చిన్న గది తీసుకున్నాను. పక్కింటి బాలమణి బీడీలు చుట్టడం నేర్పింది.

ఒకరోజు ఎండ దిగే వేళ ఆకు చుడుతుంటే నా వేళ్లు బిగుసుకున్నాయి. పాలు పితికినప్పుడు బొటనవేలి మొదట్లో ఒక నొప్పి వస్తుంది. అదే నొప్పి. కాసేపటికి అరచేతులు వెచ్చగా తడిశాయి. చాటలో తంబాకు ముద్దయింది. చెమట పట్టిందనుకున్నాను. మర్నాడూ అదే వేళకు అంతే. బాలమణి నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"పచ్చిపాల వాసనొస్తుంది గదనే. ఏడికి పోయొచ్చినవ్?" అంది.

పొద్దుటి నుంచి నేను గడప దాటలేదు. దవాఖానాలో డాక్టరు చూసి, చెమటేనని గోలీలిచ్చాడు. తడిసిన బీడీలను కార్ఖానాలో ఏరి పారేసేవారు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. బాలమణి కూడా చెప్పలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కొన్నాళ్లకు మా మరిది వచ్చాడు. నేను వెళ్లిపోయాక ఆ ఇంటి నుంచి ఒక మనిషి రావడం అదే మొదలు. ఎలా ఉన్నావని అడగలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"వదినా, నువ్వేం చేసినవో అది తీసెయ్. బంగారి పొద్దున మంచిగనే ఇస్తది. సాయంత్రం కూసుంటే పొదుగు ఖాళీ. దేవరుషిని అడిగినం. ఇంట్లకెల్లి పోయిన ఆడమనిషి పనేనని బరాబర్ చెప్పిండు."

మా దగ్గర సోది చెప్పేవాణ్ని దేవరుషి అంటారు. నాకు ఒళ్లు మండింది.

"ఎవడో దొంగ పిండుకపోతుండు. కావలుండుపో."

"ఉన్నం వదినా. కండ్ల ముంగటనే పొదుగు ఇగిరిపోతుంది."

ఎప్పటి నుంచి అని అడిగాను. అతను చెప్పింది సరిగ్గా నా చేతులు తడవడం మొదలైన రోజులే.

నా మీద పడ్డ నింద తుడిచేసుకోవాలని మర్నాడు బాలమణిని వెంటబెట్టుకుని వెళ్లాను. షెడ్డులోకి రానివ్వలేదు, తలుపు దగ్గరే నిలబెట్టారు. అత్తమ్మ లోపల పీట మీద కూర్చుంది. మరిది, బకెట్ పట్టుకుని తోటికోడలు గోడ వారగా నిలబడ్డారు. బంగారి అటు తిరిగి నెమరు వేస్తోంది. పొదుగు నిండుగా ఉంది.

ఎండ దిగింది. బంగారి నెమరు ఆపింది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి, చెవులు వాల్చి, కదలకుండా నిలబడింది. దాని దగ్గర ఎవరూ లేరు. చన్నులు రెండు రెండుగా కిందికి సాగుతున్నాయి, మళ్లీ పైకి పోతున్నాయి. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు. మేమంతా చూస్తుండగానే పొదుగు మెత్తబడి వేలాడింది.

నా చేతుల్లో ఏమీ లేదని అందరికీ చూపిద్దామని వెళ్లినదాన్ని, రెండు చేతులూ కొంగు కింద దాచుకున్నాను. ఎంత ఆపినా పిడికిళ్లు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. కొంగు తడిసిపోయింది. అది చూసి అత్తమ్మ లేచి వచ్చింది. కొంగు పక్కకు లాగి నా చేతులు పట్టుకుంది. మణికట్ల మీదుగా పాలు కారుతున్నాయి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. నా మొహంలోకి చూసింది.

ఉండిపొమ్మంటుందని ఆశపడ్డాను. ఆ మాట అని ఉంటే ఆ పూటే బకెట్ తీసుకుని బంగారి దగ్గర కూర్చునేదాన్ని.

అత్తమ్మ నా చేతులు వదిలేసి కొడుకు వైపు తిరిగింది.

"ఈ బర్రెను అమ్మేయ్‌రా," అంది.

ఆ వారం బజారులోనే అమ్మేశారు. నేను అమ్మకం కుదిర్చిన దళారిని వెతుక్కుంటూ వెళ్లాను. కర్ణాటక వైపు టెంపో ఎక్కించామన్నాడు, ఎవరు కొన్నారో గుర్తులేదన్నాడు. పాడికా, కోతకా అని అడగబోయాను. అడగకుండానే తిరిగొచ్చేశాను.

ఈలోగా సంగతి ఊరంతా పాకింది. మా వరసలో ఆడవాళ్లు చాటలు ఎత్తుకుని దూరం జరిగారు. పిల్లలను నా గుమ్మం ముందు నుంచి పోనివ్వరు. బాలమణి మాత్రం ఇప్పటికీ నా పక్కనే కూర్చుంటుంది.

బంగారిని అమ్మిన వారం నుంచి నా చేతులు తడవలేదు. గోలీలు పనిచేశాయని డాక్టరు సంతోషపడ్డాడు. ఆ పాలు షెడ్డు నుంచి తలుపు దాకా, జోడ్‌భావి నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చాయో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లను అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. ఎక్కడో కొత్త చేతులకు అది అలవాటు పడి ఉంటుందని, అందుకే నా చేతులు ఆరిపోయాయని బాలమణి ఒకసారి అంది. నేను అవునన్నాను. ఇంకో కారణం కూడా ఉండొచ్చని మా ఇద్దరికీ తెలుసు.