ఒకే ఒక్క వ్యాసం

ఆవిడ ఇరవై రెండేళ్లుగా కిడ్నీ కణాల మీద పరిశోధన చేస్తోంది. రోజూ ల్యాబుకు రాగానే, కోటు తొడుక్కోకముందే కంప్యూటర్ తెరిచి, తన వ్యాసాలను ఎందరు ఉదహరించారో చూసుకుంటుంది. పద్నాలుగింటిలో పదమూడింటిని ఎవరూ పట్టించుకోలేదు. మిగిలిన ఒక్కదాని పుణ్యమా అని ఉద్యోగం నిలిచింది. ఆ సోమవారం దాని లెక్క ఒక్కసారిగా పదకొండు పెరిగింది. ఆవిడ సంబరం పట్టలేక పక్కగది సహోద్యోగిని పిలిచి చూపించింది. అతను ఒక్కొక్కటే తెరిచి చదివాడు. "మీకొచ్చిన ఫలితం తమకు రావడం లేదనే వీళ్లంతా రాశారు మేడమ్," అన్నాడు చివరికి.

మూడు నెలలు తనే కూర్చుని ఆ ప్రయోగం మళ్లీ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ వాళ్లు చెప్పిందే వచ్చింది. పాత నోటుబుక్కు తీస్తే, అప్పట్లో కణాలకు మందు పదింతలు ఎక్కువ కలిపినట్టు తన చేతిరాతే చెబుతోంది.

"ఇప్పుడెవరు అడుగుతారు? వదిలెయ్యండి," అన్నాడు సహోద్యోగి.

"దాన్ని నమ్మి రేపు ఎవరైనా ఆ మందు రోగికి ఇస్తే?" అని, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాసి పంపేసింది. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులైనా విడవకుండా కూలబడింది.

"ఏమైంది?" అని కంగారుగా అడిగాడు భర్త.

"ఏమీ కాలేదండీ," అంది. "ఇన్నేళ్లలో ఏమీ కాలేదు."