వాన పడితే నాన్నకు దాహం

ఆ రోజుల్లో ఇంటికి ఒకటే టీవీ, దాని ముందు ఇంటిల్లిపాదీ. పిల్లలు ఏది చూడాలో, ఏది చూడకూడదో చెప్పడానికి ఇప్పటిలా తాళాలూ, వయసు అంకెలూ ఉండేవి కావు. మా ఇంట్లో ఆ పని నాన్న దాహం చేసేది. నిడదవోలు బజారులో కిరాణా కొట్టు కట్టేసి వచ్చి, ఆయన పడక్కుర్చీలో కూర్చుని మాతోపాటు సినిమా చూసేవారు. తెర మీద వాన మొదలై, హీరో హీరోయిన్లు ఒకే చూరు కిందకి చేరారంటే చాలు, "అమ్మడూ, కాసిని మంచినీళ్ళు పట్రామ్మా" అనేవారు. నేను తెచ్చేసరికి వాన వెలిసిపోయేది. (టీవీ కొన్న కొత్తలోనే అమ్మ మంచినీళ్ళ కుండను వంటింట్లోంచి పెరటి వసారాలోకి మార్చింది. అక్కడైతే చల్లగా ఉంటాయట.) పాపం, నాన్నకి ఏదో జబ్బనుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. తెర మీద ఇద్దరు ఒకరినొకరు చూసుకుని, ఆవిడ తల దించుకుందంటే నేనే లేచి పరిగెత్తేదాన్ని.

అలాంటి రోజుల్లోనే మా ఇంట్లో పిన్నికి పెళ్ళిచూపులు. పెనుగొండ సంబంధం, వాళ్ళది బట్టల కొట్టు. అబ్బాయి ఫొటో వచ్చినప్పటినుంచి పిన్ని అద్దం ముందునుంచి కదలడం లేదు. "ఇది కుదరాలని నువ్వు కూడా దణ్ణం పెట్టుకోవే" అని నాచేత మొక్కించింది. అబ్బాయి తండ్రి మాత్రం చండశాసనుడని, చిన్న తేడా వచ్చినా లేచి వెళ్ళిపోతారని మధ్యవర్తి ముందే చెప్పాడు. "నోరు విప్పావంటే చూడు" అని అమ్మ నన్ను ఓ మూల కూర్చోబెట్టింది. నిజంగానే నా అంతట నేను నోరు విప్పలేదు.

పిన్ని కాఫీ అందించింది. అబ్బాయి తలెత్తాడు, పిన్నీ తలెత్తింది. చూసుకున్నారు. పిన్ని తల దించుకుంది. నేను పెరట్లోకి ఒకటే పరుగు. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నాన్న చేతిలో పెట్టాను.

"ఇప్పుడెవరడిగారే?" అన్నారు నాన్న నెమ్మదిగా.

"టీవీలో ఇలా చూసుకుంటే అడుగుతారు కదా నాన్నా."

అబ్బాయి తండ్రి కండువా సర్దుకుని, "పిల్లకి టీవీలో ఏం చూపిస్తున్నారండీ?" అన్నారు. నాన్న ఆ గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేశారు. ఆయన నిజంగా తాగడం నేను చూసింది అప్పుడే. (మిగతా రోజుల్లో గ్లాసు కుర్చీ కింద పెట్టేసేవారు. పొద్దున్నే అమ్మ ఆ నీళ్ళు మల్లెమొక్కకి పోసేది.) తలుపు పక్కన పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "మా నాన్నగారైతే నన్ను వీధి తలుపు వేసి రమ్మనేవారండి. వేసున్న తలుపే మళ్ళీ వేసొచ్చేవాణ్ణి."

"నువ్వూరుకోరా" అన్నారు పెద్దాయన.

"ఆయ్, గడియ అరిగిపోయిందండి" అంది ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ముందు అమ్మ నవ్వింది, తర్వాత అందరూ. పెద్దాయన మాత్రం చాలాసేపు నవ్వు బిగబట్టుకుని, చివరికి నా వైపు తిరిగి, "నాకూ కాసిని మంచినీళ్ళు పట్రామ్మా" అన్నారు. సంబంధం కుదిరిందని ఆ పూట నాకు తప్ప అందరికీ అర్థమైంది.

ఇప్పుడు రాజమండ్రిలో నేనే ఒక పిల్ల తల్లిని. అది ఏం చూస్తోందోనని కూర కలుపుతూ కూడా చెవి అటే పెడతాను. (తాళాలన్నీ పెట్టాను. పాస్‌వర్డు నేను మర్చిపోతే అదే గుర్తుచేస్తుంది.) మొన్న ఇద్దరం సినిమా చూస్తుంటే ఉన్నట్టుండి వాన మొదలైంది. పిల్లలతో దాపరికం లేకుండా మాట్లాడాలని ఎన్ని చదివానో. నోట్లోంచి మాత్రం "తల్లీ, కాసిని మంచినీళ్ళు పట్రామ్మా" అనే వచ్చింది.

అది కాదనలేదు. రిమోటుతో బొమ్మను అక్కడే ఆపి, "నేనొచ్చేదాకా నువ్వొక్కదానివే చూసేయకమ్మా" అని చెప్పి వెళ్ళింది. తెర మీద చినుకులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ ఇద్దరూ చూరు కింద అలాగే నిలబడిపోయారు. దానికేం చెప్పాలా అని వాళ్ళ మొహాల్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. అది తెచ్చిన నీళ్ళు, ఆ రోజు నాన్నలాగే, గుక్క తిప్పుకోకుండా తాగేశాను.

"ఇంకో గ్లాసు తేనా?" అంది.