బాత్‌రూమ్ బయటి స్విచ్చి

సింగపూర్‌లో చలికి వణికానని చెబితే మా వాళ్ళెవరూ నమ్మరు. అక్కడ చలి ఏసీ ఆఫీసుల్లోనే గాని ఇళ్ళల్లో ఉండదని నాకూ తెలుసు. కానీ డిసెంబర్‌లో ఎడతెగని వాన పట్టి, పదో అంతస్తు కిటికీలోంచి తడి గాలి కొడుతూ ఉంటే, ఒంట్లో ఓపిక లేని బాలింతకు అది చలికాలమే. ఆ చలికాలాన్ని నేను బెడోక్‌లో, అద్దెకు తీసుకున్న ఒకే ఒక్క గదిలో గడిపాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ముమ్మరంగా దొరుకుతున్న రోజులవి. మా ఆయన్ని కంపెనీ ఇలా పిలిచి అలా విమానం ఎక్కించింది. అలా వచ్చిపడేవాళ్ళు ఎక్కువై గదులకు గిరాకీ పెరిగింది. ఇంటివాళ్ళు ఆడింది ఆటగా ఉండేది. పోపు వాసన అంటే కాదనేవారు, పసిపిల్లలంటే అసలే కాదనేవారు. మా ఓనరు చైనా ఆవిడ, అరవై దాటిన మనిషి, పక్క గదిలో ఒక్కతే ఉండేది. మేమూ అందరిలాగే ఆంటీ అనేవాళ్ళం. నాకు నెలలు నిండుతున్నా పొమ్మనలేదు గాని, ఒక్క మాట మాత్రం అంది.

"కరెంట్ బిల్ అప్ ఎగైన్. హీటర్ యూజ్ లిటిల్ లిటిల్, కెన్?"

"కెన్, ఆంటీ" అన్నాం ఇద్దరం ఒక్క గొంతుతో. ఆ గది పోతే పసిగుడ్డుతో ఎక్కడికి పోతాం?

పురుడు పోయడానికి గోదావరి పక్కనుంచి మా అమ్మ వచ్చింది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు ముక్క ఒక్కటే, థాంక్యూ. విమానంలో నీళ్ళిచ్చిన ప్రతి పిల్లకీ ఆ మాట చెప్పి వచ్చింది. ఆంటీకి మాత్రం చెప్పలేదు. చెప్పే సందర్భమే రాలేదు, ఎందుకంటే నేను ఆసుపత్రి నుంచి రాగానే గొడవ మొదలైంది.

మా వైపు బాలింతకు రోజూ నూనె రాసి, ఒళ్ళు కాలే నీళ్ళు నడుం మీద పోయకపోతే ఆ నడుం మళ్ళీ నిలవదంటారు. హీటరు స్విచ్చి బాత్‌రూమ్ బయట గోడకు ఉండేది. వేస్తే చిన్న ఎర్ర లైటు వెలిగేది. అమ్మ స్విచ్చి వేసి, గదిలోకి వచ్చి నాకు నూనె పట్టించేది. పట్టించి నన్ను మెల్లిగా నడిపించుకెళ్ళేసరికి లైటు ఆరిపోయి ఉండేది. నీళ్ళు గోరువెచ్చగానైనా ఉండేవి కావు. వంటింటి గుమ్మంలో ఆంటీ నిలబడి, తల అడ్డంగా ఆడిస్తూ ఏదో గొణిగేది.

"బాలింత నీళ్ళ కాడ కూడా పీనాసితనవేంటే? ఈవిడ పిల్లల్ని కన్లేదా ఏంటి?" అంది అమ్మ.

"మెల్లిగా అమ్మా."

"ఆవిడికి తెలుగొచ్చేంటి, మెల్లిగా అనడానికి!"

మా ఆయన మాత్రం భయపడ్డాడు. "పొమ్మందంటే ఇంకో గది దొరకదండీ అత్తయ్యగారూ, కాస్త సర్దుకోండి" అన్నాడు.

అమ్మ సర్దుకుంది. నా నీళ్ళు స్టవ్ మీద పెద్ద గిన్నెలో మరిగించి తెచ్చేది. గ్యాసుకూ బిల్లు వస్తుందని ఎవరు చెప్పారో గాని, ఆ ఖర్చు తన వాటాలో తగ్గించుకోవడం మొదలుపెట్టింది. "మీ ఊరు ఉక్కగా ఉందే, నాకు చన్నీళ్ళే హాయి" అని తెల్లారగానే ట్యాప్ నీళ్ళు గుమ్మరించుకుని వచ్చేది. వచ్చాక మాకు అక్షింతలు.

"పొద్దున్నే ఆ హీటరు ఏసి ఒదిలేత్తన్నారెవరే? నేను లేచేతలికి ఎర్రలైటు ఎలుగుతానే ఉంటంది. నా కంట బడింది గాబట్టి ఆపాను. ఆవిడ చూత్తే ఇంకేవన్నా ఉందా?"

నేను మా ఆయన వైపు చూశాను. తను కాదని ఆయన ఒట్టు వేశాడు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి ఒట్టు ఎవరు నమ్ముతారు?

నెల తిరిగేసరికి అమ్మకు దగ్గు పట్టుకుంది. వానకు జలుబు చేసిందంతే అంది. వీసా గడువు అయిపోయి, అలా దగ్గుతూనే బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆంటీ ఎర్ర కాగితం చుట్టిన పొట్లం ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ తీసుకుని, ఆవిడ మొహమైనా చూడకుండా లిఫ్టు వైపు నడిచింది.

కొన్నాళ్ళకు ఆంటీ మా గది తలుపు తట్టింది. మీ అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగింది. లేదన్నాను. ఆవిడకు కోపం వచ్చి, మాట చివర 'లా' తగిలించే అక్కడి ఇంగ్లీషులో అంది.

"ఓల్డ్ లేడీ కెనాట్ కోల్డ్ వాటర్ లా! ఎవ్రీ మార్నింగ్ ఐ ఆన్ హీటర్ ఫర్ హర్. షీ ఆఫ్. ఐ ఆన్, షీ ఆఫ్. వై?"

మరి నా స్నానం వేళకు ఎందుకు ఆపేసేవారని అడిగాను. ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు చూసింది. వాళ్ళలో బాలింత నెల రోజులు ఒంటిమీద నీళ్ళే పోసుకోకూడదట. గాలి సోకి, వయసు మళ్ళాక కీళ్ళు పట్టేస్తాయట. మరి బిల్లు అంటే, "బిల్ నెవర్ మైండ్ లా, యూ జస్ట్ గివ్ బర్త్" అంది.

ఆదివారం ఫోన్ కార్డు గీకి అమ్మకు చెప్పాను. దగ్గుతూనే అంతా విన్నది.

"నా కోసవా ఏసింది?" అంది. "ఆ పొట్లం బీరువా మీద పడేశానే. ఇప్పనైనా ఇప్పలేదు. థాంక్యూ అన్నా చెప్పకండా వచ్చేశాను. నువ్వెల్లి చెప్పవే."

చెప్పాను. ఆంటీ సంతోషపడి, మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగింది. వచ్చే ఏడాది అన్నాను.

ఆ దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. వేసవి గడవకుండానే అమ్మ పోయింది. అది పాత జబ్బేనని, చన్నీళ్ళకూ దానికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నమ్మాలని నాకు చాలా ఉంది. ఇప్పటికీ పూర్తిగా నమ్మలేకపోతున్నాను.

దినవారాలు ముగించుకుని బెడోక్ తిరిగి వెళ్ళాను. మరునాడు పొద్దున్నే లేచి గది తలుపు తీస్తే, బాత్‌రూమ్ బయట ఎర్ర లైటు వెలుగుతోంది. ఆంటీ తన గదిలో తలుపు వేసుకుని ఉంది. ఆపడానికి చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. ఆపలేదు. లోపలికి వెళ్ళి, ఆ వేణ్ణీళ్ళు అయిపోయేదాకా నెత్తిన పోసుకుంటూ ఏడ్చాను.