తుపాకీకి పడని తూటా

తుపాకీకి నోరుందనీ, ఆ నోటికి రుచి తెలుసనీ మనస్ఫూర్తిగా నమ్మే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. షూటింగ్ క్లబ్బులో తూటాలిచ్చే కౌంటరు వెనక కూర్చుంటాడు. గురి తప్పి వచ్చినవాడు కొత్తవాడైనా, కొమ్ములు తిరిగినవాడైనా, ఆయన తీర్పు ఒక్కటే.

“నీ తప్పేం లేదు. ఆ తూటా నీ తుపాకీకి పడలేదు.”

తూటా గురి కాగితం మీద పడకపోవడం గురించి కాదు ఆయన చెప్పేది. కొందరి ఒంటికి పాలు పడనట్టు, ఒక్కో తుపాకీకి ఒక్కో రకం తూటా పడదట. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి వంటగదిలో రోగులకు పథ్యం వండి రిటైరైన మనిషి మరి. తూటాలు ఇచ్చానని ఆయన ఎన్నడూ అనడు, వడ్డించానంటాడు. అందుకే అందరికీ ఆయన వడ్డన తాత.

నిజానికి ఆ మాటలో అబద్ధం లేదు. ఆ క్లబ్బులో వాడేవి చిటికెన వేలిలో సగం ఉండే చిన్న తూటాలు. ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు తుపాకుల్లో ఒకదానికి అమృతమైన రకం రెండోదానికి విషమవుతుంది. ఎందుకో తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. పెట్టి చూడాల్సిందే. అయితే ఆ పెట్టి చూడడాన్ని తాత ఎక్కడికి తీసుకుపోయాడంటే, తూటాలను జేబులో వేసుకుని తిరిగేవాడు, చలికి వాటికి జలుబు చేస్తుందని. ఒక్కొక్కదాన్నీ గాజుపలక మీద దొర్లించి, వంకరగా పోయినదాన్ని “వీడికింకా నడక రాలేదు” అని పక్కన పెట్టేవాడు. రకం మార్చినప్పుడల్లా మొదటి పది తూటాలు లెక్కలోకి రావు. అవి పుక్కిలింత. పాత రకం తూటాలకి పూసిన మైనం గొట్టంలోంచి పోవాలి కదా!

ఓసారి క్లబ్బు అధ్యక్షుడే వచ్చాడు. పెట్టె మీది బొమ్మను చూసి వస్తువు కొనే తరగతి మనిషి ఆయన. పెట్టె మీద పిడుగు బొమ్మ ఉంది.

“ఆ వేగంగా పోయేవి ఇవ్వవయ్యా.”

“అవి కారమండీ. ధ్వనిని దాటి పరుగెడతాయి. దారిలో ఆయాసమొచ్చి వేగం తగ్గేటప్పుడు ఒక్క తూలు తూలతాయి. యాభై మీటర్లలో కాగితానికి చిల్లు పెట్టడానికి అంత పరుగెందుకు? నిదానంగా పోయేవి తీసుకోండి.”

“నేను అధ్యక్షుణ్ణయ్యా!”

“కాదన్నానా? మీ తుపాకీని అడిగారా?”

అధ్యక్షుడు అడగలేదు. పిడుగు పెట్టే పట్టుకెళ్లాడు. ఆ రోజు ఆయన తూటాలు పక్కవాడి కాగితాన్ని కూడా పలకరించి వచ్చాయి.

ఆ క్లబ్బుకే కేకులమ్మాయి వచ్చింది. బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆమె పని. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెడితే ఊళ్లో వాళ్లందరి పుట్టినరోజులూ ఆమె చేతి మీదుగానే పోవాలి. ఆదివారం సాయంత్రం ఒక్క గంట మాత్రం ఎవరి పేరూ రాయకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా గడపాలని ఆమె కోరిక. అక్క మొగుడు అక్కడ పాత సభ్యుడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆమె చేరిన రోజే పందెం వేసినంత ధీమాగా అన్నాడు, “వారంలో మానేస్తావు మరదలా.”

క్లబ్బు నియమం ఒకటుంది. కొత్తగా చేరినవాళ్లు ఎనిమిదో ఆదివారం ఇరవై తూటాలు కాల్చి, రెండొందలకి నూటయాభై తెచ్చుకోవాలి. తేలేకపోతే ఆ గంట వరసలో తర్వాతివాళ్లకి పోతుంది.

మొదటి ఆదివారం ఆమెకి వచ్చినవి అరవై ఒకటి. కేకు మీద వెంట్రుకంత గీత వణక్కుండా గీసే చెయ్యి, ట్రిగ్గరు దగ్గరికి వచ్చేసరికి కప్పలా ఎగిరిపడింది.

“ఏం మరదలా, తూటాలు కాగితానికి తగిలాయా, గోడకా?” అన్నాడు బావ.

“గోడకే బావా. నీ మొహమంత వెడల్పుంది, వదలబుద్ధి కాలేదు.”

నోరు అలా అందిగానీ మనసు చచ్చిపోయింది. చెవులకి పెట్టుకునేవి తిరిగిచ్చేసి, ఇక రానని చెబుదామని కౌంటరుకి వెళ్లింది. వడ్డన తాత ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. వాసన కూడా చూశాడు.

“ఇది నీ చెయ్యి కాదమ్మాయ్. తుపాకీ మూతి తిప్పుకుంది.”

“తుపాకీ మూతి తిప్పుకోవడమేంటి తాతగారూ?”

“చిల్లులన్నీ ఒక పక్కకే ఉన్నాయి చూడు. చంటిపిల్ల చెంచా వద్దన్నప్పుడు మొహం ఎటు తిప్పుతుంది? పడలేదు, అంతే. వచ్చే వారం వేరే రకం వడ్డిస్తాను.”

తప్పు తనది కానప్పుడు మానేయడం దేనికి? మరుసటి ఆదివారం ఆమె మళ్లీ వచ్చింది. తాత బీరువా వెనక్కి వెళ్లి, చిల్లులున్న చెక్కపలకలో ఇరవై తూటాలు నిలబెట్టి తెచ్చాడు.

“ఇది సుకుమారమైన రకం. వేలు మెల్లిగా నొక్కితేగానీ లొంగదు.”

మెల్లిగా నొక్కింది. ఎనభై రెండు వచ్చాయి.

“ఊహూ, ఇది కూడా పూర్తిగా పడలేదు,” అన్నాడు తాత. మూడో రకానికి, కాల్చేటప్పుడు కన్ను మూస్తే కోపమట. నాలుగోది, ఊపిరి సగం వదిలి ఆపితే గానీ తిన్నగా పోదట. అయిదోదానికి అలక జాస్తి. పేలాక కూడా మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు. ఆరోది మోచెయ్యి సరిగ్గా ఆనించనివాళ్లని లెక్కచెయ్యదు. ఏడోది అన్ని విధాలా మర్యాద కోరే రకం. ఆమె కన్నెత్తి తాతని చూసేది కాదు, బుద్ధిగా ఆ తూటాల మనసు కనిపెట్టుకుని నడుచుకునేది. అత్తారింట్లో కూడా ఎవరూ అంత అణకువగా ఉండి ఉండరు.

ప్రతి వారమూ పేలిన తూటా ఖాళీ తొడుగు ఒకటి గుర్తుగా తీసుకెళ్లి, క్రీములో కలిపే రంగు అయిపోయిన సీసాలో వేసుకునేది.

ఎనిమిదో ఆదివారం తాత ఎనిమిదో రకం వడ్డించాడు. “దీని సంగతేంటి తాతగారూ?” అనడిగితే, “ఇది మంచిది. దీనికేం చెప్పనక్కర్లేదు,” అన్నాడు. నూటయాభై ఆరు వచ్చాయి. బావ ఆ కాగితాన్ని రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి లెక్కపెట్టమని పక్కవాడికిచ్చాడు.

ఆ తర్వాతి శనివారం సాయంత్రం, ఏ రకానికి ఆ రకం పేరు రాద్దామని ఆమె సీసా బల్ల మీద బోర్లించింది. మర్నాడు క్లబ్బులో తిన్నగా కౌంటరు దగ్గరికే వచ్చింది.

“తాతగారూ, ఎనిమిదో రకం ఒక పెట్టె ఇవ్వండి.”

“అది అయిపోయిందమ్మాయ్.”

“పోనీ ఏడోది.”

తాత గాజుపలక తుడవడం మొదలుపెట్టాడు. “అది… ఇప్పుడు రావట్లేదు.”

ఆమె ఎనిమిది తొడుగులూ అడుగు పైకి వచ్చేలా వరసగా నిలబెట్టింది. ప్రతి తూటా అడుగునా తయారుచేసినవాడి గుర్తు ఉంటుంది. ఎనిమిదింటి మీదా ఒకటే గుర్తు, చిన్న నక్షత్రం.

తాత గుడ్డ పక్కన పెట్టాడు. “కోపమొచ్చిందా?”

“ఎనిమిది వారాలు ఒకటే రకం పెడతారా?”

“నీకిచ్చిన క్లబ్బు తుపాకీని నేను ముందే అడిగాను. నువ్వు చేరకముందే స్టాండుకి బిగించి, నాలుగు రకాలు పెట్టి చూశాను. దానికి ఈ నక్షత్రమే పడింది.”

“మరి పడనిదెవరికి?”

“ఎవరికీ కాదు. తినని రోగితో, నీ నోరే బాగాలేదని అన్నామనుకో, గిన్నె తోసేసి అటు తిరిగి పడుకుంటాడు. వంట కుదరలేదు నాయనా, రేపు వేరేది చేస్తానంటే రేపటిదాకా ఆగుతాడు. రేపు అదే సూపు. గిన్నె మారుస్తానంతే.”

ఆమెకి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. “అందరికీ ఇలాగేనా?”

“ఛ ఛ! అధ్యక్షుడిగారికి నిజంగానే పడలేదు.”

ఇంతలో బావ వచ్చాడు. చేతిలో కాగితం ఉంది, మొహంలో ప్రాణం లేదు. ఎప్పుడూ నూట ఎనభైకి తగ్గని మనిషికి నూట పద్దెనిమిది.

“వయసు మీద పడుతోంది మరదలా,” అన్నాడు. వెక్కిరింత లేదు, వేళాకోళం లేదు. “ఇక మానేద్దామనుకుంటున్నా.”

రెండు నెలలుగా దాచుకున్న మాటలన్నీ ఆమె నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. కాగితం అందుకుంది. వెలుతురుకి పట్టి చూసింది.

“వయసు కాదు బావా, ఈ తూటా పడలేదు. తాతగారూ, ఆయనకి వేరేది వడ్డించండి.”

తాత ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, చెక్కపలక తీసుకుని గంభీరంగా బీరువా వెనక్కి వెళ్లాడు. ఇరవై తూటాలతో తిరిగొచ్చాడు. ఆమే అందించింది.

“ఇది కాస్త మొండిది బావా. భుజం బిగిస్తే మాట వినదు. వదులుగా పెట్టు.”

“అంతేనంటావా?” అంటూ బావ భుజాలు ఆడించుకుంటూ వెళ్లాడు.

తాత గొంతు తగ్గించాడు. “ఆయన భుజం బిగిస్తాడని నువ్వెప్పుడు చూశావమ్మాయ్?”

“రెండు నెలల్నుంచీ చూస్తూనే ఉన్నాను తాతగారూ. వెక్కిరిద్దామని.”