ముందు రెండు కొత్త టైర్లు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది, మా ఇంటికి జరిగిన నష్టం ఒకచోట కూడితే ఇలా తేలుతుంది. ఒక అన్న. నా నాలుగో తరగతి. పక్కింట్లో ఉండే కుటుంబం, చిన్నా పెద్దా కలిపి అయిదుగురు. పని చేసేటప్పుడు మా నాయిన వేసే ఈల. ఇంకా ఉన్నాయి గానీ అవి అంకెలకు లొంగేవి కావు.

నాకు లెక్కలు బడిలో వచ్చినవి కావు. ఆ ఏడాది బళ్లు మూతపడ్డాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాయిన షెడ్డులో టైర్ల మీద కూర్చునేదాన్ని. ఆడపిల్లకు ఆ గ్రీసు మురికి ఎందుకని అమ్మ తిట్టేది. అక్కడే నట్లు లెక్కపెట్టి కూడికలు, ఇనుప కడ్డీలు కొలిచి తీసివేతలు నేర్చుకున్నాను. అప్పటి లింగంపల్లి అంటే రైలు స్టేషను, నాలుగు వీధులు, చుట్టూ బండలు, సీతాఫలం పొదలు. స్టేషను వీధిలో మాది ఒక్కటే రిపేరు షెడ్డు.

మా పక్కింట్లో కిరాయికి ఉండేవారు గుంటూరు వైపు నుంచి వచ్చిన ఓవర్సీరు గారు. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. ఆ తల్లికి మోకాళ్లు వంగవు, బస్సు మెట్టు ఎక్కలేదు. ఆవిడ కోసమే ఆయన మిలిటరీ వాళ్లు వాడి వేలంలో అమ్మేసిన పాత జీపు ఒకటి కొన్నారు. సెలవు రోజు వస్తే అందులో వాళ్ల పిల్లలతో పాటు నన్నూ కుక్కేవారు. మా అన్నకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే, ఆ జీపు మీదే.

ఆ జీపులో గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉండేది. మామూలు దారిలో వెనక చక్రాలు బండిని తోస్తాయి. బురదో ఇసుకో వస్తే ఆ చిన్న కర్ర వేస్తారు, అప్పుడు ముందు చక్రాలు కూడా లాగుతాయి. కొన్న వెంటనే బండికి పూజ చేయించాలని ఓవర్సీరు గారు ముందు రెండు చక్రాలకు కొత్త టైర్లు వేయించారు. బొట్టు పెట్టేది, దండ వేసేది ముందు భాగానికే కదా. వెనకవి అరిగి నున్నబడిన పాతవి.

పూజ నాడు నాయిన జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నవ్వాడు. "ఏంది సారూ, పెండ్లికొడుక్కు ముంగట జరీ కండువ, ఎనుక గోనెపట్ట!"

"ముఖం బాగుంటే చాలు మేస్త్రీగారూ, వెనకాల ఎవరు చూస్తారండీ?" అన్నారాయన.

కొన్ని నెలలు గడిచాక జీపు షెడ్డుకు వచ్చింది. బురదలో వేసిన చిన్న కర్ర గట్టి నేల మీదికి వచ్చాక ఎంత లాగినా బయటికి రావడం లేదు. నాయిన నట్లు విప్పే పానలు తీయలేదు. సుద్దముక్క తెచ్చి ముందు టైరు మీద, దాని కింద నేల మీద గీత గీశాడు. జీపును ఓవర్సీరు గారిచేత, నాచేత తోయించాడు. టైరు మీది గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ నేలకు తాకిన చోట ఇంకో గీత పెట్టి, ఆ దూరానికి ఒక దారం కత్తిరించాడు. వెనక టైరుకూ అలాగే చేసి, రెండు దారాలూ నా చేతికిచ్చాడు. పక్కపక్కన పట్టి చూశాను. వెనకది బెత్తెడు తక్కువ.

"రెండెడ్లు ఒక్క కాడి కింద ఉన్నయనుకో బిడ్డా," అన్నాడు. "ఒకటి పెద్దడుగు, ఒకటి చిన్నడుగు. మెత్త నేలల చక్రం జర జారుతది, ఫికరు లేదు. బండ మీద జారదు. అప్పుడు కాడి ఇరుగుతది."

దానికి మందు కూడా ఆయనే చెప్పాడు. నాలుగు కొత్తవి కొనే స్తోమత లేనప్పుడు ముందు ఒక కొత్తది ఒక పాతది, వెనక ఒక కొత్తది ఒక పాతది వేయాలి. నేను అవే కొలతలకు ఇంకో రెండు దారాలు కత్తిరించి జతలుగా పేర్చి చూశాను. ముందు జత మొత్తం, వెనక జత మొత్తం సమానంగా వచ్చాయి. ఒకరు చెప్పకుండా నాకై నేను సరిచూసుకున్న మొదటి లెక్క అది. "రేపు పొద్దుగాల మారుస్త. అరగంట పని," అన్నాడు నాయిన.

ఆ సాయంత్రం అన్న షెడ్డుకు వచ్చాడు. దారాలు చూపించి టైర్ల సంగతి నేనే చెప్పాను. పట్నంలో కాలేజీ మూసేశారు కాబట్టి ఇంటి దగ్గరే ఉండి ఉద్యమంలో తిరుగుతున్నాడు. అతని స్నేహితుడొకడు మంచి మార్కులతో పాసై కూడా గూడ్సు షెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. మాకు రావలసిన ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్నది అన్న బాధ. అది కల్పించుకున్న బాధ కాదు.

"నాయినా, ఇగ ఆ బండి ముట్టకు," అన్నాడు.

"ఎందుకుర, కరుస్తదా?"

"నగులాటలు గాదు. వాళ్ల బండ్లకు పాన పట్టొద్దని అందరం అనుకున్నం. మీ నాయిన ఎవరి దిక్కని నన్ను అడుగుతున్నరు."

"పానకేం ఎరుకర, ఎవరి బండో?"

"పానకు ఎరుక లేదు. నీకుండాలె."

నాయిన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. అన్నే మళ్లీ గొంతు తగ్గించి, "సారు మంచోడే నాయినా. నాకు తెల్వదా? ఆయన మీద గాదు మా లొల్లి," అన్నాడు.

మర్నాడు ఓవర్సీరు గారు వస్తే, సామాను ఇంకా రాలేదు సారూ అన్నాడు నాయిన. టైర్లు మార్చడానికి సామాను ఏమీ అక్కరలేదని నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. "తొందరేముందండీ. మీ ఇంట్లో మాట రాకూడదు," అన్నారు. నాయిన బండిని ముందుకూ వెనక్కూ ఊపి, బిగుసుకున్న కర్రను మాత్రం విడిపించి ఇచ్చాడు. గట్టి దారిలో దాని జోలికి పోవద్దని చెప్పాడు. జీపు వాళ్ల వాకిట్లోకి పోయి నిలబడింది, ముందు రెండు కొత్త టైర్లతోనే.

మొదటి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం స్టేషను దగ్గర జనం పట్టాల మీద కూర్చున్నారు. ఎక్కడినుంచో రాళ్లు పడ్డాయి, అందరూ పరుగెత్తారు. ఆ తోపులాటలో అన్న గూడ్సు ప్లాట్‌ఫారం మీది నుంచి కింద ఇనుప సామాను మీద పడ్డాడు. తొడ లోతుగా తెగింది. స్నేహితులు చేతుల మీద షెడ్డుకు తెచ్చేసరికి వాళ్ల చొక్కాలన్నీ తడిసిపోయాయి. నాయిన సైకిలు ట్యూబుతో గాయానికి పైన బిగించి కట్టాడు. రక్తం తగ్గింది గానీ ఆగలేదు. అమ్మ తన చీర చించి గుడ్డ మడిచి ఇచ్చింది.

ఊళ్లో డాక్టరు లేడు, పట్నం వైపు పోవాలి. రైళ్లు లేవు, బస్సులు లేవు. ఎవరూ అడగకముందే ఓవర్సీరు గారు జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపారు. దానికి పాన పట్టొద్దన్న పిల్లలే అన్నను అందులోకి ఎక్కించారు. వాళ్లలో ఒకడు ఏడుస్తూ, "సారూ, బొంబాయి రోడ్డున పోకుండ్రి, చెట్లు కొట్టి అడ్డమేసినం. ఖాజాగూడ బండ్ల బాటన పోండ్రి," అన్నాడు. అన్న తల నాయిన ఒళ్లో ఉంది. మిగిలిన చోటు నా అంత మనిషికే సరిపోయింది. గాయం మీద గుడ్డ అదిమి పట్టుకోవడం నా పని.

ఖాజాగూడ చెరువు పక్కన బాట బురదలో మునిగి ఉంది. వెనక చక్రాలు అక్కడే తిరిగాయి. ఓవర్సీరు గారు తల తిప్పి నాయిన వైపు చూశారు. "వెయ్యుండ్రి సారూ, తప్పదు," అన్నాడు నాయిన. చిన్న కర్ర వేశారు. జీపు బురద దాటి బండ మీదికి ఎక్కింది. ఇక కర్ర వెనక్కి రాలేదు. వెనక్కి నడిపి చూశారు, ముందుకు నడిపి చూశారు. జీపు బిగదీసుకుని మూలిగింది. తర్వాత కిందినుంచి ఎముక విరిగినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

అన్న కళ్లు తెరిచాడు. "టైర్లేనా?" అన్నాడు.

నాయిన పానలు తీసుకుని బండి కిందికి దూరాడు. ముందు చక్రాలను తిప్పే కడ్డీ విరిగిందని, దాన్ని విప్పి పక్కన పడేస్తే జీపు వెనక చక్రాలతో నడుస్తుందని, కాసేపు పడుతుందని కిందినుంచే అరిచాడు. ఓవర్సీరు గారు ఆగలేదు. అన్నను వీపు మీదికి ఎత్తుకుని, "మీరు విప్పి వెనకాల రండి మేస్త్రీగారూ, నేను నడుస్తుంటాను," అన్నారు. ఆయన బక్కమనిషి. అన్న ఆయనకంటే పొడుగు. అన్న కాళ్లు నేలకు రాసుకోకుండా ముందుకు వంగి నడిచారు. నేను పక్కన అన్న చెయ్యి పట్టుకుని పరుగెత్తాను.

దారి పొడుగునా ఆయన అన్నతో మాట్లాడుతూనే ఉన్నారు. క్లచ్చి వదలడం ఇంకా నీకు చేతకాలేదు నాయనా, నయమయ్యాక మళ్లీ మొదటినుంచి నేర్పుతాను అన్నారు. అన్న మొదట ఊఁ కొట్టాడు. ఒక పెద్ద గుండ్రాయి దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడ నా చేతిలో ఉన్న చెయ్యి బరువు మారింది. అది నాకెలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను. తలెత్తి చూశాను. ఆయనకు నాకంటే ముందే తెలిసింది. ఒక్కసారి నిలబడ్డారు. వెనక్కి, జీపు ఉన్న వైపు చూశారు. బండ మీద పాన మోగే చప్పుడు ఇంకా సన్నగా వినిపిస్తోంది.

అన్నను దించుతారనుకున్నాను. దించలేదు. వీపు మీద సరిగ్గా సర్దుకుని మళ్లీ నడిచారు. కొంత దూరం పోయాక ఊపిరి తీసుకుంటూ నాతో అన్నారు. "అమ్మలూ, మీ నాన్న అడిగితే ఆసుపత్రిలో పోయాడని చెప్పు తల్లీ. డాక్టరు చెయ్యి వేశాక పోయాడని చెప్పు. ఇక్కడ పోలేదు." తర్వాత అన్నతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టారు, అదే గొంతుతో. వెనకనుంచి జీపు ఎప్పుడు వస్తుందో తెలియదు కదా.

టోలిచౌకి దగ్గరి చిన్న దవాఖాన దాకా అలాగే మోశారు. అక్కడి డాక్టరును పక్కకు పిలిచి ఏదో చెప్పారు. ఆయన అన్నను బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి సీసా వేలాడదీశాడు. ఆ ఏర్పాటు పూర్తయిన కాసేపటికి నాయిన వచ్చాడు.

"ఈడిదాక పానముండెనా సారూ?" అన్నాడు గుమ్మంలోనే.

"ఉందండీ. నాతో మాట్లాడాడు కూడా. బండి మీద ముందే వచ్చినా ఇంతేనన్నారు డాక్టరు గారు."

నాయిన నా వైపు తిరిగాడు. నేను తలూపాను.

మర్నాడు అంత్యక్రియలకు ఊరంతా కదిలింది. నినాదాలు మిన్నంటాయి, వాటిలో బయటివాళ్లు వెళ్లిపోవాలన్నవీ ఉన్నాయి. ఓవర్సీరు గారు తన వాకిట్లోనే నిలబడి ఉన్నారు. నాయిన ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, "పాడె నాలుగో కొమ్ము మీరు పట్టుండ్రి సారూ," అని చెయ్యి పట్టి తెచ్చాడు. పాడె ముందున్న పిల్లలు పక్కకు జరిగి చోటిచ్చారు. ఆ కాసేపు నినాదాలు ఆగిపోయాయి.

దినాలు అయ్యాక నాయిన ఆ జీపు బాగు చేశాడు. విరిగిన ముక్క మార్చాడు. ముందు ఒక కొత్తది ఒక పాతది, వెనక ఒక కొత్తది ఒక పాతది వేశాడు. సుద్దతో గీత గీసి, రెండుసార్లు దారంతో కొలిచాడు. టైర్లకు అరగంటే పట్టింది. ఆ నెల తిరక్కుండానే వాళ్లు ఆ జీపులోనే వెళ్లిపోయారు. ఉండమనే ధైర్యం మాకు లేదు, ఉంటామనే ధైర్యం వాళ్లకు లేదు. ముసలామె ముందు సీట్లో కూర్చుని అమ్మ తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఉత్తరం రాలేదు. ఎక్కడికి రాయాలో మాకూ తెలియలేదు.

నాయిన తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. జీపు ఆగినందుకు తనను తాను తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి. కానీ ప్రతిసారీ చివర్లో ఒక మాట అనుకుని నిద్రపోయేవాడు. "దవాఖాన దాకనైతె చేరిండు గద. డాక్టరు చూసిండు గద." ఆ మాట లేకపోతే ఆయన అన్నేళ్లు బతికేవాడు కాదని నాకు నమ్మకం. నేనెన్నడూ దాన్ని దిద్దలేదు.

ఇప్పుడు మళ్లీ ఉద్యమం నడుస్తోంది. ఆ బండల మీద అద్దాల మేడలు లేచాయి. కొనేవాళ్ల తరఫున నేను పాత బండ్లు చూసిపెడతాను. నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి, పిల్లాపాపలతో తిరగడానికి, పాతదైనా ఫరవాలేదంటూ సాఫ్ట్‌వేరు వాళ్లు వస్తారు. మొన్న ఒక అబ్బాయి, యాసను బట్టి కడప వైపువాడు, "ఆంటీ, రెండు టైర్లు బ్రాండ్ న్యూ, చూడండి!" అని మురిసిపోయాడు. మొదట నాలుగు టైర్లూ కొలిపించాను. తర్వాత స్టీరింగు చివరిదాకా తిప్పి గట్టి నేల మీద నెమ్మదిగా గుండ్రంగా నడపమన్నాను. బండి కుంటుతున్నట్టు ఎగిరెగిరి పడింది. లోపలి కాడి అప్పటికే దెబ్బతింది, వద్దని చెప్పాను. మీది ఏ ఊరని నేను ఎవరినీ అడగను. అరగంట పనిని రేపటికి ఉంచను. ఎప్పుడైనా మనిషికి నిజం చెప్పవలసి వస్తే, అది అతను మోయగలిగిన బరువేనా అని ఒకసారి చూసుకుంటాను.

ఈ మధ్య ఒక ఆదివారం మీటరు చూసుకుంటూ ఆ దారిన బండి నడిపాను. బాట లేదు, వెడల్పు రోడ్డు ఉంది. మలుపు దగ్గరి గుండ్రాయి మాత్రం ఎవరో గోడలో కలుపుకున్నా అలాగే మిగిలింది. ప్రాణం లేని మా అన్నను, ప్రాణం ఉన్నట్టే మాట్లాడిస్తూ ఆయన వీపున మోసిన దూరం అక్కడినుంచి మొదలవుతుంది. దవాఖాన ఉన్న చోటిదాకా కొలిచాను. ఆయన ఉన్నారో లేరో, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో తెలియదు. మా ఇల్లు ఆయనకు పడిన బాకీ మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు.